నీళ్లు దిగువకు.. ఆంక్షలు ఎగువకు

* 84 గ్రామాల అనుభవం చెబుతున్న పాఠం
* విధించినప్పుడూ, ఎత్తివేసినప్పుడూ నిర్ణయం పైనుంచే
* భారం మోసేవారి మాటకు చోటెక్కడ?

షాబాద్‌: షాబాద్‌ మండలంలో నేలపై కనిపించని గీత ఒకటి ఉంది. గీతకు ఒకవైపున్న కొన్ని గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమ పెట్టరాదు, పెద్ద హోటల్‌ కట్టరాదు, నివాస కాలనీ వేయరాదు. గీతకు మరోవైపున్న చందనవెల్లిలో పారిశ్రామికవాడే వెలిసింది. నేల తీరు ఒకటే, కురిసే వాన ఒకటే, పండించే పత్తి, మొక్కజొన్న ఒకటే. అయినా రెండు గ్రామాల రైతుల భవిష్యత్తును రెండు వేర్వేరు ప్రభుత్వ విధానాలు నిర్ణయించాయి. ఆ గీత పేరే జీవో 111.

మొయినాబాద్‌, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్‌, షాబాద్‌, కొత్తూరు, రాజేంద్రనగర్‌ ప్రాంతాల్లోని 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు ఈ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. దీనిని పర్యావరణానికి, అభివృద్ధికి మధ్య పోరుగా చూడటం పరిపాటి. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. అందరి మేలు కోసం తీసుకునే నిర్ణయానికి మూల్యం కొందరే చెల్లించాల్సి వస్తే, ఆ కొందరి మాట ఎప్పుడు వినాలి? నిర్ణయానికి ముందా, తరువాతా? ప్రజాస్వామ్యంలో ఈ ప్రశ్నకు సమాధానం ఎంత కష్టమో ఈ 84 గ్రామాల చరిత్ర తేటతెల్లం చేస్తుంది.

వరద నుంచి పుట్టిన చెరువులు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరద హైదరాబాద్‌ నగరాన్ని అతలాకుతలం చేసింది. వేల మంది ప్రాణాలు కోల్పోయారు. అటువంటి విపత్తు మళ్లీ రాకుండా ఏం చేయాలో సూచించేందుకు నాటి నిజాం ప్రభుత్వం ప్రఖ్యాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. నగరానికి ఎగువనే నదులకు అడ్డుకట్ట వేసి వరదను నిలపాలన్నది ఆయన సూచన. దాని ఫలితమే మూసీపై గండిపేట వద్ద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌, ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్‌. వీటి నిల్వ సామర్థ్యం వరుసగా 3.9 టీఎంసీలు, 2.97 టీఎంసీలు.

వరద నివారణకు కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటిని అందించాయి. ఉస్మాన్‌సాగర్‌ నీరు మోటార్ల అవసరం లేకుండా పల్లం వెంట ఆసిఫ్‌నగర్‌ ఫిల్టర్‌ బెడ్లకు చేరుతుంది. దశాబ్దాల పాటు నగర ప్రజల దాహం తీర్చింది ఈ చెరువులే. వాటిలోకి చేరే ప్రతి చుక్కా చేవెళ్ల, మొయినాబాద్‌, షాబాద్‌, శంకర్‌పల్లి పొలాల మీదుగా, వాగుల గుండా పారి వచ్చినదే. ఎగువ రైతు చేలో కురిసిన వానే దిగువ నగరంలో కుళాయి నీరు అయ్యింది.

జీవోలో ఏముంది?

1990 దశకంలో నగరం పడమర దిశగా విస్తరించసాగింది. జలాశయాల చుట్టూ పరిశ్రమలు, కాలనీలు వస్తే నీరు కలుషితమవుతుందన్న ఆందోళన మొదలైంది. జలమండలి నియమించిన నిపుణుల కమిటీ సిఫారసుల ఆధారంగా ప్రభుత్వం తొలుత 1994లో జీవో 192ను, దానిని సవరిస్తూ 1996 మార్చి 8న జీవో 111ను జారీ చేసింది. జలాశయాల పూర్తిస్థాయి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల వరకు పరీవాహక ప్రాంతంలో కాలుష్యకారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు, కాలుష్యం వెదజల్లే ఇతర సంస్థలను అది నిషేధించింది.

అంతటితో ఆగలేదు. పరీవాహక గ్రామాల్లో కొత్తగా వేసే లేఅవుట్లలో కనీసం 60 శాతం స్థలాన్ని రోడ్లకు, ఖాళీ జాగాకు వదలాలి. ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికీ అందులో కట్టే కట్టడం మొత్తం విస్తీర్ణానికీ ఉండే నిష్పత్తి, 1:0.5కు మించరాదు. సులువుగా చెప్పాలంటే వెయ్యి గజాల స్థలం ఉన్న వ్యక్తి అన్ని అంతస్తులూ కలిపి 500 గజాలకు మించి కట్టకూడదు. దాదాపు 90 శాతం భూమి వ్యవసాయం, ఉద్యాన పంటలు, పూల తోటల వంటి అవసరాలకే ఉండాలి.

ఆ ఉత్తర్వు ఆంక్షల పట్టిక. అది పరిహార పథకం కాదు. జలమండలి లేఖ, నిపుణుల నివేదిక ఆధారంగా వెలువడిందే తప్ప, గ్రామసభల తీర్మానాల ఆధారంగా వెలువడింది కాదు. స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిల్‌ 24న అమల్లోకి వచ్చి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. ఊరి భూమి వినియోగాన్ని సమూలంగా మార్చే నిర్ణయం మాత్రం ఊరి దాకా వచ్చి, అడిగి, తీసుకున్నది కాకపోయింది.

సుప్రీంకోర్టు ఏమన్నది?

ఉత్తర్వు వెనుక ఉన్న ఉద్దేశం సరైనదేనని దేశ సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. శంషాబాద్‌ మండలం పెద్దషాపూర్‌ వద్ద నూనె పరిశ్రమ స్థాపనకు సురానా ఆయిల్స్‌ సంస్థ పూనుకుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం 10 కిలోమీటర్ల నిబంధన నుంచి ఆ సంస్థకు మినహాయింపు ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరి 27న, మళ్లీ 2000 డిసెంబరు 1న జస్టిస్‌ ఎం.జగన్నాథరావు తీర్పులు రాశారు.

హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యే వరకు వేచి ఉండనక్కర్లేదని, హాని జరగవచ్చన్న అనుమానం బలంగా ఉంటే ముందే ఆపవచ్చని న్యాయస్థానం పేర్కొంది. దీనినే ముందుజాగ్రత్త సూత్రం అంటారు. హాని ఉండదని నిరూపించుకోవాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనని స్పష్టం చేసింది. లక్షల మంది తాగే నీటిని ప్రమాదంలోకి నెట్టే మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదని తేల్చిచెప్పింది. దేశవ్యాప్తంగా పర్యావరణ కేసుల్లో నేటికీ ఈ తీర్పులను ఉదహరిస్తున్నారు.

అయితే కోర్టు ముందున్నది ఒక పరిశ్రమకు అనుమతి ఇవ్వవచ్చా లేదా అన్న ప్రశ్న. ఎగువ గ్రామాల రైతులు కోల్పోతున్న దానికి ఎవరు, ఎంత చెల్లించాలన్నది కోర్టు ముందుకు వచ్చిన వివాదం కాదు. నీటిని కాపాడాలన్న సగం న్యాయం తీర్పులో దొరికింది. మిగతా సగం విధాన నిర్ణేతలు చూడాల్సిన పని. అది మిగిలిపోయింది.

నష్టం ఎవరిది?

నగరం చుట్టూ ఔటర్‌ రింగు రోడ్డు, విమానాశ్రయం, సాఫ్ట్‌వేర్‌ సంస్థలు వచ్చాక చుట్టుపక్కల భూముల విలువ అమాంతం పెరిగింది. జీవో పరిధిలోని భూములు మాత్రం అదే దూరంలో, అదే రోడ్డు పక్కన ఉన్నా తక్కువ ధరకే పరిమితమయ్యాయి. బిడ్డ పెళ్లికో, కొడుకు చదువుకో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరా అమ్ముకోవాల్సి వచ్చిన చిన్న రైతుకు ఈ తేడా కాగితం మీది లెక్క కాదు. గీతకు అవతల అమ్మితే వచ్చే ధరకు, ఇవతల అమ్మితే వచ్చే ధరకు మధ్య వ్యత్యాసమే నగరం తాగే శుభ్రమైన నీటికి అతడు చెల్లించిన మూల్యం. ఆ మూల్యానికి రసీదు లేదు.

అమలు తీరు గాయం మీద కారం చల్లింది. ఆంక్షలు ఉన్నా ఈ ప్రాంతంలో ఫాంహౌస్‌లు, ఫంక్షన్‌ హాళ్లు, రిసార్టులు, కళాశాలలు వెలిశాయి. రెండు గదుల ఇల్లు కట్టుకునే పేదవాడికి అనుమతి సమస్య అయితే, ప్రహరీ కట్టుకుని విడిది నిర్మించుకునే స్తోమత ఉన్నవారికి అది సమస్య కాలేదన్న భావన గ్రామాల్లో బలపడింది. ఏ ఆంక్ష అయినా అందరికీ సమానంగా వర్తించినప్పుడే జనం దానిని ధర్మంగా ఒప్పుకుంటారు. కొందరికే వర్తిస్తే అది పర్యావరణ రక్షణగా కాదు, పక్షపాతంగా కనిపిస్తుంది. జీవోను ఎత్తివేయాలంటూ పంచాయతీలు తీర్మానాలు చేయడానికి, ప్రతి ఎన్నికలోనూ అది ప్రధాన హామీగా మారడానికి కారణం ఇదే.

నాణేనికి మరోవైపు కూడా ఉంది. ఇదే ఆంక్షల వల్ల చేవెళ్ల, మొయినాబాద్‌, శంకర్‌పల్లి ప్రాంతాల్లో కూరగాయలు, పూల సాగు నిలిచింది. నగర మార్కెట్లకు దగ్గరగా పచ్చదనం మిగిలింది. సొంత భూమి లేని కూలీలకు, కౌలుదారులకు పని దొరికింది. భూమి ధర పెరగడం పట్టాదారుకు లాభం కావచ్చు. కౌలు రైతుకు, కూలీకి అది పని పోవడమే కావచ్చు. ‘గ్రామం కోరుతోంది’ అన్నప్పుడు గ్రామంలో ఎవరు కోరుతున్నారన్నది కూడా చూడాలి.

ఎత్తివేత కూడా పైనుంచే

2022 మార్చిలో నాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు శాసనసభలో జీవో 111 ఎత్తివేత ప్రకటన చేశారు. ఏప్రిల్‌ 12న మంత్రివర్గ నిర్ణయం మేరకు జీవో 69 వెలువడింది. మంజీర, కృష్ణా, గోదావరి జలాలు నగరానికి వస్తున్నందున జంట జలాశయాలు ప్రధాన తాగునీటి వనరుగా లేవని, నగర అవసరాల్లో వాటి వాటా 1.25 శాతం లోపేనని ప్రభుత్వం వాదించింది. జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినరాదన్న షరతుతో జీవో 111లోని ఆంక్షలను తొలగించింది. మార్గదర్శకాల రూపకల్పనకు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని వేసింది. 2023 మే 18న జీవోను పూర్తిగా రద్దు చేస్తున్నట్లు మంత్రివర్గం మరోసారి ప్రకటించింది. పర్యావరణవేత్తలు హైకోర్టును ఆశ్రయించారు. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది.

రైతుల్లో చాలామంది 2022 ప్రకటనను స్వాగతించారు. అది సహజం. కానీ ఇక్కడ గమనించాల్సింది నిర్ణయం తీసుకున్న తీరు. 1996లో ఆంక్షలు విధించినప్పుడు నిపుణుల నివేదిక ముందు వచ్చింది, గ్రామాల మాట తరువాత. 2022లో ఎత్తివేసినప్పుడు ప్రకటన ముందు వచ్చింది, మార్గదర్శకాల కమిటీ తరువాత. ఆంక్షలు పోయాక వాగుల వెంట ఎంత దూరం విడిచిపెట్టాలి, కొత్త కాలనీల మురుగు ఎక్కడికి పోవాలి, భూగర్భజలం ఎవరు ఎంత తోడుకోవచ్చు అన్న ప్రశ్నలు గ్రామసభల ముందుకు రాలేదు. దిగువ నగర ప్రజల ముందుకూ రాలేదు. విధించడంలో లోపించినదే తొలగించడంలోనూ లోపించింది.

మరో చిక్కు కూడా ఉంది. పాతికేళ్లలో ఎన్నో భూములు చేతులు మారాయి. తక్కువ ధరకు అమ్ముకున్న చిన్న రైతుకు ఆంక్షల ఎత్తివేతతో ఒరిగేదేమీ లేదు. నష్టం భరించింది ఒకరు, లాభం దక్కేది మరొకరికి. నిర్ణయంతో పాటే పరిహారం నిర్ణయించకపోతే, ఏళ్లు గడిచాక దిద్దుబాటు చేసినా అది అసలు బాధితుడిని చేరదు.

జలాశయాల అవసరం తీరిందా?

తాగునీటి వాటా తగ్గిందన్నది నిజమే. కానీ వీటిని మొదట కట్టింది వరద కోసం. 2020 అక్టోబరులో భారీ వర్షాలకు హిమాయత్‌సాగర్‌ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ ఉప్పొంగి నగరం నడిబొడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ఎగువన మట్టి నేల తగ్గి కాంక్రీటు పెరిగితే వాన నీరు ఇంకకుండా వేగంగా పారుతుంది. ఆ వేగాన్ని గేట్లే ఎదుర్కోవాలి.

పంపింగ్‌ ఖర్చు మరో అంశం. కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోయాలి. కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది. గండిపేట నీటికి ఆ ఖర్చు లేదు. 2025 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి ఎ.రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేసిన గోదావరి తాగునీటి పథకం రెండు, మూడు దశల్లో 20 టీఎంసీలు తరలించాలన్నది లక్ష్యం. అందులో 2.5 టీఎంసీలు మూసీ పునరుజ్జీవం కోసం జంట జలాశయాలకే ఉద్దేశించారు. అవసరం తీరిందని 2022లో చెప్పిన చెరువులనే మూడేళ్లకు కోట్లు వెచ్చించి నింపాలని సంకల్పించారు. ప్రభుత్వాలు మారినా చెరువుల అవసరం మారలేదనడానికి ఇదే నిదర్శనం. చెరువు కావాలంటే పరీవాహక ప్రాంతం కావాలి. పరీవాహక ప్రాంతం కావాలంటే అక్కడి రైతు సహకారం కావాలి.

గీతకు అవతల చందనవెల్లి

ఆంక్షలు లేని చోట అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటు. 84 గ్రామాల జాబితాలో లేని చందనవెల్లిలో జౌళి పరిశ్రమ, డేటా కేంద్రాలు వచ్చాయి. షాబాద్‌ పేరు పారిశ్రామిక పటంలోకి ఎక్కింది. పన్నులు, రోడ్లు, కొంత ఉపాధి వచ్చాయి. అక్కడ రైతు ఎదుర్కొనే ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. ఇక్కడ ‘నా భూమిని నన్నెందుకు వాడుకోనివ్వరు’ అన్న ప్రశ్న అయితే, అక్కడ ‘నా భూమి ఎందుకు ఇవ్వాలి, ఇస్తే నాకేంటి’ అన్న ప్రశ్న. డేటా కేంద్రం వంటి సంస్థ నిర్మాణ దశలో ఎక్కువ మందికి పని ఇస్తుంది. నిర్మాణం ముగిశాక ఆ విస్తీర్ణంలో నడిచే ఇతర పరిశ్రమలతో పోలిస్తే తక్కువ మందితోనే నడుస్తుంది. కనుక ఎన్ని కోట్ల పెట్టుబడి వచ్చిందన్నది ఒక్కటే కొలమానం కారాదు. భూమి ఇచ్చిన ఊళ్లో ఎందరికి, ఎంతకాలం పని దొరుకుతుందన్నది మరో కొలమానం.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం ఇందుకోసమే సామాజిక ప్రభావ అధ్యయనాన్ని ప్రవేశపెట్టింది. ప్రైవేటు ప్రాజెక్టులకు భూమి సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకైతే 70 శాతం మంది నిర్వాసితుల సమ్మతి ఉండాలంది. అయితే దానికి తెలంగాణ చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను ప్రభావ అధ్యయనం నుంచి మినహాయించే వీలు కల్పించింది. వేగం కావాలంటే సంప్రదింపులు తగ్గించాలన్నది ఆ ఆలోచన. సంప్రదింపులు తగ్గితే ఆ తరువాత కోర్టు కేసులు పెరుగుతాయన్నది అనుభవం.

జాప్యానికీ మూల్యం ఉంది

అందరి మాట వినాలంటే కాలయాపన తప్పదన్న విమర్శలోనూ నిజం లేకపోలేదు. అందుకు ఉదాహరణ చేవెళ్ల రహదారే. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణకు దారి పొడవునా ఉన్న వందలాది మర్రి చెట్ల విషయం అడ్డు వచ్చింది. తరాలుగా నీడనిచ్చిన చెట్లను కూల్చవద్దంటూ పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. ఈలోగా ఇరుకు రోడ్డుపై ప్రమాదాలు ఆగలేదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్‌, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మృతి చెందడంతో జిల్లా శోకసంద్రమైంది.

ఈ దుర్ఘటనకు చెట్లే కారణమనడం తొందరపాటు. అతివేగం, అధిక లోడు, నిఘా లోపం వంటి కారణాలను విస్మరించలేం. చెట్లు ఉండాలనడమూ నేరం కాదు. లోపం మరెక్కడో ఉంది. రోడ్డు నమూనా గీసే తొలిరోజే రెండు పక్షాలనూ, రోజూ ఆ దారిన వెళ్లే ప్రయాణికులనూ కూర్చోబెట్టి ఉంటే, ఏ చెట్టును వదిలి రోడ్డును పక్కకు జరపవచ్చో, దేనిని తరలించి నాటవచ్చో ఆనాడే తేలేది. చర్చ నమూనాకు ముందు జరిగితే నెలల్లో ముగుస్తుంది. టెండరు తరువాత జరిగితే కోర్టుల్లో సంవత్సరాలు పడుతుంది. కనుక ప్రజల భాగస్వామ్యమే జాప్యానికి కారణమనుకోరాదు. ఆలస్యంగా కల్పించే భాగస్వామ్యమే జాప్యానికి కారణం.

న్యూయార్క్‌ చూపిన దారి

ఎగువ-దిగువ తగవు మనకొక్కరికే పరిమితం కాదు. జీవో 111 వచ్చిన మరుసటి ఏడాదే అమెరికాలోని న్యూయార్క్‌ నగరం ఇదే సమస్యను మరోలా పరిష్కరించుకుంది. దాదాపు 90 లక్షల మందికి నీరందించే ఆ నగర జలాశయాలకు ప్రధాన పరీవాహక ప్రాంతం వందమైళ్లకు పైగా దూరంలో కాట్స్‌కిల్‌ కొండల్లోని పల్లెల వరకు విస్తరించి ఉంది. నీటిని శుద్ధి చేసే భారీ కర్మాగారం కట్టాలంటే వేల కోట్ల రూపాయలకు సమానమైన డాలర్ల వ్యయం. దానిని తప్పించుకోవాలంటే ఎగువ గ్రామాల్లో కాలుష్యాన్ని ఆపాలి. నగరం మొదట కఠిన ఆంక్షల ముసాయిదాను ప్రకటించింది. గ్రామాలు భగ్గుమన్నాయి. సంఘటితమై కోర్టుకెక్కాయి.

ఆ తరువాత చర్చలు సాగాయి. 1997 జనవరిలో నగరం, రాష్ట్రం, ఎగువ గ్రామాలు, పర్యావరణ సంఘాలు ఒకే ఒప్పందంపై సంతకాలు చేశాయి. గ్రామాలు ఆంక్షలకు అంగీకరించాయి. నగరం మూల్యం చెల్లించడానికి అంగీకరించింది. ఇష్టపడి అమ్మేవారి వద్దే మార్కెట్‌ ధరకు భూమి కొనాలని, కొన్న భూమికి స్థానిక సంస్థలకు పన్ను కట్టాలని నగరం ఒప్పుకుంది. పల్లెల మురుగుశుద్ధి కేంద్రాలకు, ఇళ్ల సెప్టిక్‌ ట్యాంకుల మరమ్మతులకు, పశువుల పేడ వాగుల్లో కలవకుండా రైతులు చేసుకునే ఏర్పాట్లకు నిధులిచ్చింది. అక్కడా ఆ తరువాత తగాదాలు లేకపోలేదు. కానీ నీరు తాగేవారు, నీటిని కాపాడేవారికి చెల్లించాలన్న సూత్రం నిలబడింది.

అటువంటి ఒప్పందం 1996లో ఇక్కడ కుదిరి ఉంటే నగర నీటి బిల్లులో కొద్ది మొత్తం ఎగువ పంచాయతీల ఖాతాకు చేరేది. ఆ సొమ్ముతో మురుగు కాల్వలు, బిందు సేద్యం, గిడ్డంగులు వచ్చేవి. చెరువును కాపాడటం రైతుకు భారంగా కాక ఆదాయంగా ఉండేది.

ఓట్ల లెక్కలో ఓడిపోయేవారు

ఇంతకీ గ్రామాల మాట ఎందుకు ముందుగా వినలేదు? ఇందులో ఏ ఒక్క ప్రభుత్వ దోషమో కాక, ప్రజాస్వామ్య లెక్కలోనే ఒక చిక్కు ఉంది. కోటి మంది నివసించే నగరం ఒకవైపు, 84 గ్రామాలు మరోవైపు. తల లెక్కన చూస్తే గ్రామాలు ప్రతిసారీ ఓడిపోతాయి. అలాగని 84 గ్రామాలకే నిర్ణయాధికారం వదిలేస్తే కోటి మంది నీటిని కొద్దిమంది శాసించినట్లు అవుతుంది. మెజారిటీ ఒక్కటే న్యాయం కాదు, మైనారిటీకి అడ్డుకునే హక్కు ఇవ్వడమూ న్యాయం కాదు. మధ్యేమార్గం ఒకటే. నిర్ణయాధికారం అందరిదీ అయినప్పుడు, నష్టపోయేవారికి ముందే వినిపించుకునే హక్కు, నిర్ణయంతో పాటే పరిహారం పొందే హక్కు ఉండాలి.

చట్టంలో ఇందుకు కొన్ని తలుపులు ఉన్నాయి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్‌ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌ కొన్ని రకాల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణను తప్పనిసరి చేసింది. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సభను వీడియో తీయాలి. నమోదు చేసిన అభిప్రాయాలను సభలోనే స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివారు రాతపూర్వకంగానూ అభ్యంతరాలు తెలపవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ ఉత్తర్వు ప్రతినైనా, నివేదికనైనా కోరవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

తలుపులు ఉన్నా తెరిచేవారు కావాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లపాటు గ్రామాలు ప్రత్యేక అధికారుల పాలనలో ఉన్నాయి. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. గోదావరి నీటి పథకం, మూసీ ప్రాజెక్టు, రహదారి విస్తరణ, పారిశ్రామికవాడలు.. ఇవన్నీ ఎగువ గ్రామాల ముంగిట్లో ఉన్న కాలమిది.

గ్రామసభలో అడగాల్సినవి

గ్రామసభ అంటే పింఛన్లు, ఇళ్ల జాబితాలు చదివి సంతకాలు పెట్టే తంతుగా మారిపోయిందన్నది అంగీకరించాల్సిన వాస్తవం. పెద్ద విధానాలపై ప్రశ్న అడగడం కూడా దాని పనే. ఊరి భూమిని ప్రభావితం చేసే ఏ ప్రతిపాదన వచ్చినా నాలుగు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం కోరడం కొత్త పాలకవర్గాల చేతిలో ఉన్న పని. దీని వల్ల లాభం ఎవరికి? నష్టం ఎవరికి? నష్టపోయేవారికి ఏమిస్తారు, ఎప్పుడిస్తారు? పరిస్థితి మారితే ఎన్నేళ్లకు ఈ నిర్ణయాన్ని సమీక్షిస్తారు?

నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. జీవో 111 కథలో లోపించింది అదే. 1996లోనే పదేళ్లకోసారి సమీక్ష అని ఒక్క వాక్యం రాసి ఉంటే, 2006లో ఒకసారి, 2016లో మరోసారి నీటి లెక్కలు, భూమి లెక్కలు, రైతుల లెక్కలు బల్ల మీదికి వచ్చేవి. పాతికేళ్లకు పైగా పేరుకున్న అసంతృప్తి ఒక్క ఎన్నికల హామీతో తేలాల్సిన స్థితి వచ్చేది కాదు.

తీర్మానాలు చేసినంత మాత్రాన ప్రభుత్వాలు మాట వింటాయన్న హామీ లేదు. కానీ రాసిపెట్టిన ప్రశ్నకు విలువ ఉంటుంది. రేపు కోర్టులో అది సాక్ష్యమవుతుంది, ఎన్నికల్లో అది లెక్క అడుగుతుంది. ఈసీ వాగు షాబాద్‌ నేలల మీదుగా హిమాయత్‌సాగర్‌కు పారుతూనే ఉంటుంది. నీరు ఎలాగూ పల్లానికే పోతుంది. దానిని కాపాడే భారం మాత్రం ఒకరి నెత్తినే నిలిచిపోరాదు. నీరు తాగేవారు, నీటిని కాచేవారు ఒకే బల్ల వద్ద కూర్చున్ననాడే జంట జలాశయాలకూ, వాటి ఎగువన ఉన్న పల్లెలకూ న్యాయం జరుగుతుంది.